రేవుల వెంట

మానవునికి చాతుర్యం అలవడే మార్గాలను పేర్కొంటూ మన పూర్వులు దేశాటనాన్ని అన్నింటికంటె ముందు నిలిపారు. పండితులతో మైత్రి, శాస్త్రపరిశీలనం మొదలైనవి దాని తరువాతనే వచ్చాయి. ఆ వరుసను గమనించిన వారికి ఒక సందేహం కలుగక మానదు. ధనం ఉన్నవాడు మాత్రమే దేశాటనం చేయగలిగితే చాతుర్యం కూడా ధనవంతుల సొత్తే కావాలి గదా! వాస్తవం అది కాదు. తెలుగులో ప్రయాణం చేసేవానిని తెలిపే మాటలను పరిశీలించండి. బాటసారి, తెరువరి, పాంథుడు, పథికుడు - ఈ మాటలలో ఎక్కడా గుర్రం లేదు, పల్లకి లేదు, రథం లేదు. ఉన్నది బాట ఒక్కటే.

నేటి కాలంలో ఈ బాటసారి మరొక రూపంలో దర్శనమిస్తున్నాడు. మధ్యధరా సముద్రాన్ని ఆనుకొని ఉన్న గ్రీసు, ఇటలీ, స్పెయిన్ మొదలైన దేశాల తీరపట్టణాలలోను, దీవులలోను వేసవి వచ్చిందంటే వేలాది యువతీయువకులు వీపున పెద్ద సంచి తగిలించుకొని సంచరిస్తూ ఉంటారు. వారి ఆస్తి అంతా ఆ సంచిలోనే ఉంటుంది. ఏథెన్సు నగరపు రేవైన పిరేయస్‌లో ఓడ ఎక్కి, గది తీసుకొనక, పై అంతస్తులో ఆరుబయట కూర్చుండి నాక్సోస్ దీవికో క్రీట్ దీవికో చేరుకుంటారు. ఒక్కొక్క గదిలో ఆరుగురు, ఎనమండుగురు పడుకొనే వసతిగృహాలలో రాత్రి గడుపుతారు. రొట్టె, జున్ను, ఆలివ్ కాయలు అంగడిలో కొని రేవుగట్టు మీద కూర్చుండి భుజిస్తారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ దినాలు తిరగడం వారి సంకల్పం.

ఈ పద్ధతికి ఆద్యులలో ఒకరు బడిపంతులు కావడం ఉపాధ్యాయవృత్తిలో ఉన్న నావంటి వారికి సంతోషం కలిగించే విషయం. జర్మనీ దేశంలో రిచర్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు 1909వ సంవత్సరంలో తన విద్యార్థులను వెంటబెట్టుకొని కాలినడకన విహారయాత్ర చేస్తూ ఉండగా పెనుగాలివాన పట్టుకొన్నది. ఆ రాత్రి వారు ఒక పల్లెటూరి పాఠశాలలో గడ్డి పరచుకొని తలదాచుకొన్నారు. సెలవులలో పాఠశాలలన్నీ ఖాళీగానే ఉంటాయి గదా, ప్రయాణం చేసే పిల్లలకు అవి వసతి ఎందుకు కాకూడదు అన్న ఆలోచన ఆ రాత్రి ఆయనకు కలిగింది. 1912లో ఆల్టెనా అనే ఊరి పాతకోటలో మొదటి శాశ్వత యువజన వసతిగృహం వెలసింది. తరువాత 1972లో ఐరోపా రైల్వేలు 21 సంవత్సరాల లోపు వయస్కులకు ఒక్క టిక్కెట్టుతో నెలరోజులపాటు అనేక దేశాలు తిరిగే సౌకర్యాన్ని కల్పించాయి. దానితో సామాన్య కుటుంబాల పిల్లలకు కూడా సముద్రతీరం అందుబాటులోకి వచ్చింది.

గ్రీకుభాషలో ‘క్సేనోస్’ అనే మాట ఒకటి ఉన్నది. దానికి పరదేశి అనీ అర్థమే, అతిథి అనీ అర్థమే. ముక్కు మొగము తెలియని వానికి, మన ఇంట భోజనం చేసేవానికి ప్రాచీన గ్రీకులు ఒకే పేరు పెట్టుకొన్నారు. వారి దేవతలకు అధిపతియైన జియస్ పరదేశులకు రక్షకుడని నమ్మారు. మన ‘అతిథి’ శబ్దాన్ని తిథి నియమం లేకుండా వచ్చేవాడని వివరించే సంప్రదాయం ఉన్నది. కబురు చేసి వచ్చేవాడు చుట్టం. కబురు లేకుండా వచ్చేవాడు అతిథి. చేతిలో ధనం లేని ప్రయాణికుడు ఏ దేశంలోనైనా బ్రతికి తిరిగి రావడానికి కారణం ఈ మాటల వెనుక ఉన్న ధర్మమే. గోదావరి లంకలలో ఒకటైన లంకల గన్నవరంలో ఏ వేళ వచ్చిన బాటసారికైనా అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మగారిని (1841-1909) మనవారు అన్నపూర్ణగా కొలవడానికి కారణం కూడా ఇదే.

ఇక మన సంగతికి వద్దాము. ఉయ్యూరులో చదువుకొనే విద్యార్థి గ్రీసు దీవుల చిత్రాలను చరవాణిలో చూచి ముచ్చటపడడం సహజం. కాని ఆ దేశాలలో అడుగుపెట్టడానికి కావలసిన అనుమతిపత్రానికే 2024 జూన్ నుంచి 90 యూరోల రుసుము నిర్ణయించారు. అంటే సుమారు తొమ్మిది, పదివేల రూపాయలు. విమానం టిక్కెట్టు దానికి అదనం. రైతుకూలీ ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు అక్కడితో ఆ ఆలోచన మానుకొంటాడు. మానుకొని, ప్రయాణం తనవంటి వారికి కాదని నిశ్చయించుకొంటాడు. నన్ను బాధించేది ఈ రెండవ నిశ్చయం. ఉయ్యూరు నుంచి సముద్రం సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అయినా సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడనివారు, చూచినా ఒక గంటసేపు చూచి తిరిగి వచ్చినవారు ప్రతి తరగతిలోను కనిపిస్తారు. మధ్యధరా తీరానికి వెళ్ళవద్దని నేను చెప్పను. ఆ తీరంవారు మన తీరాన్ని వెదకుకొంటూ వచ్చారన్న సంగతి తెలిసి వెళ్ళమంటాను.

క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ఈజిప్టుకు చెందిన గ్రీకు నావికుడొకడు ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అనే గ్రంథం వ్రాశాడు. ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుందో తెలిపే వర్తకుల కరదీపిక అది. అందులో ‘మసాలియా’ అన్న పేరుతో మన తీరాన్ని పేర్కొని, ఇక్కడ సన్నని నూలువస్త్రాలు విరివిగా తయారవుతాయని చెప్పాడు. రెండవ శతాబ్దిలో మధ్యధరా తీరనగరమైన అలెగ్జాండ్రియాలో నివసించిన టాలెమీ మరికొంత వివరించాడు. కృష్ణానదిని ఆయన ‘మైసోలస్’ అన్నాడు. ‘కొంటకొస్సీలా’ అనే వర్తకకేంద్రాన్ని, ‘కొడ్డూరా’ అనే పట్టణాన్ని పేర్కొన్నాడు. మొదటిది నేటి ఘంటసాల అనీ, రెండవది బందరు సమీపంలోని గూడూరు అనీ చరిత్రకారులు గుర్తించారు. ఈ తీరంలోనే ఒకచోట నుంచి ఓడలు ఒడ్డును విడిచి నడిసముద్రం మీదుగా సువర్ణభూమికి బయలుదేరుతాయని కూడా టాలెమీ తెలిపాడు. మనం ప్రతిదినమూ బస్సులో దాటిపోయే గూడూరు పేరు పందొమ్మిది వందల ఏండ్ల క్రిందట మధ్యధరా తీరంలో ఒక విద్వాంసుని వ్రాతబల్ల మీద ఉన్నదన్నమాట!

కాబట్టి మన ప్రయాణాన్ని ఆ రేవుల వెంటనే సాగించుదాము. ఉయ్యూరు నుంచి బందరు, అక్కడి నుంచి ఘంటసాల, దివిసీమ, కృష్ణదాటి రేపల్లె, బాపట్ల, చివరకు మోటుపల్లి. నాలుగైదు దినాల యాత్ర ఇది. దీనికి తగిన కాలం మాఘమాసం. కార్తీకమాసం ప్రాంతంలో ఈ తీరానికి తుపానుల భయం ఉన్నది. వేసవిలో ఉప్పునేల ఎండకు నిలువలేము. మాఘమాసంలో ఎండ మెత్తగా ఉంటుంది. కోతలు ముగిసి ఊళ్ళలో జనం తీరికగా ఉంటారు. పూర్ణిమనాడు సముద్రస్నానాలకు ప్రత్యేకంగా బస్సులు నడుపుతారు.

సంచి ఎంత తేలికగా ఉంటే యాత్ర అంత సుఖంగా ఉంటుంది. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, తువ్వాలు, నీళ్ళసీసా, టార్చిలైటు, గుర్తింపు కార్డు - ఇంతకుమించి మోసేవాడు రెండవనాడు పశ్చాత్తాపపడతాడు. ఒక నోటుపుస్తకం మాత్రం మరువవద్దు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆయన పెద్ద పరివారంతో వెళ్ళినవాడు. మనవంటి సంచియాత్రికుడు కాడు. అయినా ఏ ఊరిలో సత్రం ఉన్నది, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఏ ఏరు దాటడం కష్టం అన్నది ప్రతి మజిలీలోను వ్రాసిపెట్టాడు. తన వెనుక వచ్చే నిరుపేద యాత్రికునికి ఉపయోగపడాలన్న బుద్ధి ఆ ‘కాశీయాత్ర చరిత్ర’లో పుటపుటనా కనిపిస్తుంది. మన కాలంలో మాచవరపు ఆదినారాయణగారు కాలినడకన దేశాన్ని చుట్టి ‘భ్రమణకాంక్ష’ వ్రాశారు. చదివినవారిని ఇంట కూర్చోనీయని పుస్తకమది.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితమైనది. గుర్తింపుపత్రం చూపితే చాలు. అంటే ఈ యాత్రలో రైలెక్కేవరకు వారికి దారిఖర్చు దాదాపు లేనట్టే. ఖర్చు అనే అడ్డు తొలగింది. ఇంటి అనుమతి అనే అడ్డు మిగిలింది. 1870ల దశకంలోనే పోతం జానకమ్మ అనే తెలుగు వనిత ఓడనెక్కి ఇంగ్లాండు వెళ్ళి వచ్చి, 1876లో తన యాత్రావిశేషాలను గ్రంథంగా ప్రకటించింది. నూట యాభై ఏండ్ల తరువాత నలుగురు విద్యార్థినులు కలసి హంసలదీవికి వెళ్ళివస్తామంటే పెద్దలు సంకోచించవలసిన పని లేదని నా అభిప్రాయం. నలుగురైదుగురు కలసి వెళ్ళడం, చీకటిపడక ముందే బస చేరడం, ఎక్కడ ఉన్నదీ ఇంటికి తెలియజేయడం - ఇవి మగపిల్లలు కూడా పాటించవలసిన నియమాలే.

మొదటి మజిలీ బందరు. దాని అసలు పేరు మచిలీపట్టణమైనా మనవారి నోట బందరుగానే నిలిచింది. బందరు అంటే పారశీక భాషలో రేవు అని అర్థం. ఈ పట్టణంలో చరిత్రను తెలుసుకోవడానికి రుసుము చెల్లించవలసిన పని లేదు. పేటల పేర్లు చదువుకొంటూ నడిస్తే చాలు. వలందపాలెం హాలండువారిది, పరాసుపేట ఫ్రెంచివారిది, ఇంగ్లీషుపాలెం ఇంగ్లీషువారిది. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకస్థానాలు నెలకొల్పుకొన్నారు. వారికి కావలసినది మన కలంకారీ వస్త్రం. అచ్చుదిమ్మెలతో ఆ వస్త్రాన్ని అద్దే పని నేటికీ దగ్గరలోని పెడనలో చూడవచ్చును. డచ్చివారి శ్మశానంలో చెక్కడపు పనితనంతో కూడిన సమాధిఫలకాలు ఉన్నాయి. లాభం కోసం ఇంతదూరం వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయినవారు వీరు. ఇంతటి రేవు ఎందుకు చిన్నబోయినదని మీరు అడుగవచ్చును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. పూడిక మేటవేయడం, వర్తకం ఇతర రేవులకు తరలిపోవడం అంతకుముందే మొదలైనవి. 2023లో క్రొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది.

బందరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి తీరం ఉన్నది. దారిలో చిలకలపూడి పాండురంగని ఆలయం. మంగినపూడిలో ఇసుక కాదు, నల్లని బంకమన్ను. అలలు నెమ్మదిగా వస్తాయి కనుక స్నానానికి అనుకూలమని పేరు. అయినప్పటికీ ఈతరాని వారు మోకాలిలోతు దాటి వెళ్ళరాదు. బంకమట్టిలో కాలు దిగబడితే వెంటనే పైకి తీయలేము.

సెలవు దినాలలో ఈ తీరం చూస్తే మనస్సు చివుక్కుమంటుంది. తిన్న పొట్లాలు, త్రాగిన సీసాలు అక్కడనే విడిచివెళ్ళే యాత్రికుడు ఎక్కడి వాడైనా ఒక్కటే. మధ్యధరా తీరం కూడా ఈ బాధకు అతీతం కాదు. వెనిస్ నగరం జనసమ్మర్దానికి తాళలేక 2024 ఏప్రిల్ నుంచి కొన్ని దినాలలో పగటి సందర్శకులకు 5 యూరోల ప్రవేశ రుసుము విధించింది. అదే సంవత్సరం బార్సెలోనా పౌరులు యాత్రికుల తాకిడికి విసిగి వీథులలోకి వచ్చి నిరసన తెలిపారు. అతిథి భారంగా మారినప్పుడు క్సేనోస్ అనే మాటకు పరదేశి అన్న అర్థం ఒక్కటే మిగులుతుంది.

రెండవనాడు బందరు నుంచి పామర్రు మీదుగా దక్షిణానికి తిరగాలి. ఇక్కడ నాలుగైదు ఊళ్ళు ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నాయి. సాహిత్యం చదివినవానికి ఈ దారి విడిచిపెట్టబుద్ధి కాదు. కూచిపూడి సిద్ధేంద్రయోగి నాట్యక్షేత్రం. దానిని ఆనుకొని ఉన్న మొవ్వ 17వ శతాబ్దికి చెందిన పదకర్త క్షేత్రయ్యది. క్షేత్రాలన్నీ తిరిగినవాడు కనుకనే ఆయనకు ఆ పేరు స్థిరపడిందని చెబుతారు. మధుర, తంజావూరు, గోలకొండ - ఎక్కడికి వెళ్ళినా ఆయన తన ఊరి మువ్వగోపాలుని పేరనే పదం ముగించాడు. ఊరు విడిచినా ఊరిని విడువని యాత్రికుడాయన.

ఘంటసాలలో కనీసం సగం దినమైనా గడపండి. పురావస్తుశాఖ వారి ప్రదర్శనశాలలో పాలరాతి శిల్పాలు ఉన్నాయి. బౌద్ధస్తూపం ఉన్న దిబ్బ ఉన్నది. ఒకే పీఠం మీద శివపార్వతులు వెలసిన జలధీశ్వరాలయం ఉన్నది. జలధి అంటే సముద్రం. నేడు సముద్రం ఇక్కడికి చాలా దూరంలో ఉన్నది. దేవుని పేరులో మాత్రం నిలిచిపోయింది. ఇక్కడ లభించిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే ‘మహానావికుని’ పేరు కనిపిస్తుంది. నాగార్జునకొండ శాసనంలో బోధిశ్రీ అనే ఉపాసిక కంటకసోలలోని మహాచైత్యపు తూర్పువాకిట రాతిమండపం కట్టించినట్లు ఉన్నది. ఒక నావికుడు, ఒక స్త్రీ - రాజులెవరూ లేని ఈ రెండు వాక్యాలలో ఆనాటి రేవు సందడి అంతా నాకు వినిపిస్తుంది.

ఘంటసాలకు సమీపాన కృష్ణ కరకట్టను ఆనుకొని శ్రీకాకుళం గ్రామం ఉన్నది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళంతో దీనిని పొరబడరాదు. కళింగ దండయాత్రకు పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఆగి, ఏకాదశి ఉపవాసం ఉండగా, తెల్లవారుజామున ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమని ఆదేశించినట్లు ‘ఆముక్తమాల్యద’లో చెప్పుకొన్నాడు. సామ్రాజ్యాధిపతి అయినా ఆ రాత్రికి ఆయన అన్నం తినని ఒక యాత్రికుడు. ఎన్నో కోటలు, మేడలు చూచిన చక్రవర్తికి కావ్యప్రేరణ కలిగినది ఈ పల్లెటూరి గుడిలో.

చల్లపల్లి, మోపిదేవి దాటితే పులిగడ్డ. అక్కడి నుంచి దివిసీమ. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయం ఉన్నది. రాత్రి బసకు ఇటువంటి క్షేత్రాలలోని సత్రాలే మనవంటి వారికి దిక్కు. కృష్ణానది రెండు పాయలుగా చీలగా నడుమ ఏర్పడిన దీవియే దివిసీమ. నదిపాయలు, సముద్రం చుట్టివచ్చిన ఈ నేల ఏథెన్సు ముందరి దీవులకు ఏమాత్రం తీసిపోదు. కాని అవి కొండలు, ఇది ఒండ్రుమట్టి. సముద్రం కోపగిస్తే పారిపోవడానికి ఇక్కడ ఎత్తయిన చోటు లేదు.

1977 నవంబరు 19వ తేదీన అదే జరిగింది. తాడియెత్తు అలలు ఊళ్ళ మీద పడి పదివేల మందికి పైగా బలితీసుకొన్నాయి. నాగాయలంక దాపున ఉన్న సొర్లగొంది వంటి గ్రామాలు తుడిచిపెట్టుకొని పోయాయి. మండలి వెంకటకృష్ణారావుగారు మొదలైన వారు సహాయకార్యక్రమాలకు పూనుకొన్నారు. దేశదేశాల సేవాసంస్థలు వచ్చాయి. ఆ తరువాతనే తీరం పొడుగునా తుపాను రక్షణ భవనాలు లేచాయి.

ఒకసారి మా విద్యార్థులతో ఈ ప్రాంతానికి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాము. లోపలి నుంచి ఒక వృద్ధురాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగింది. ఉయ్యూరన్నాము. “ఉయ్యూరా! వీరమ్మతల్లి తిరనాళ్ళకు ఏడేడూ వస్తాంగా!” అంటూ తానూ కూర్చున్నది. మాటల మధ్య ఒక విద్యార్థి “మీకు ఎన్నేళ్ళు మామ్మగారూ?” అని అడిగాడు. “ఏళ్ళు ఎవరికి తెలుసు నాయనా! ఉప్పెన నాటికి నాకు పెళ్ళయి ఏడాది” అన్నది. ఇంకేమీ చెప్పలేదు, మేము అడుగలేదు. దివిసీమలో ఆ తరంవారికి కాలం రెండు భాగాలు - ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత. వెళుతూ డబ్బు ఇవ్వబోతే “మజ్జిగనీళ్ళకి డబ్బులేంటి!” అని త్రోసిపుచ్చింది. మా వారిలో ఒక పిల్లవాడు ఆమె మనుమనికి అరగంటసేపు భిన్నాల లెక్కలు బోధించాడు. ఆ చెల్లింపును ఆమె కాదనలేదు. రాహుల్ సాంకృత్యాయన్ సంచారజీవితాన్ని గురించి వ్రాసిన ‘ఘుమక్కడ్ శాస్త్ర’లో ప్రయాణికుడు ఏదో ఒక చేతిపని నేర్చుకొని ఉండాలన్నాడు. ధనం లేనివాడు ఊరికి ఏదో ఒకటి ఇచ్చి రావాలి గదా!

అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవి చేరుకోవచ్చును. అక్కడ వేణుగోపాలస్వామి ఆలయం ఉన్నది. పాపభారంతో కాకి రూపం దాల్చిన గంగ ఇక్కడ మునిగి హంసగా మారిందని స్థలపురాణం. ఆలయం నుంచి ముందుకు సాగి పాలకాయతిప్ప తీరం చేరితే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు దగ్గరపడుతుంది. మహాబలేశ్వరంలో పుట్టిన నది ఇక్కడ చప్పుడు లేకుండా అంతమవుతుంది. నది, సముద్రం కలిసేచోట నీటి అడుగున లాగుడు బలంగా ఉంటుంది. పైకి మాత్రం నీరు నిద్రపోతున్నట్లు కనిపిస్తుంది. చేయి పట్టుకొని వెళ్ళిన స్నేహితులను పోగొట్టుకొని ఇంటికి తిరిగివచ్చినవారు మన చుట్టుప్రక్కల ఊళ్ళలో ఉన్నారు. సముద్రసంగమంలో ఈత పనికిరాదు. మెరైన్ పోలీసులు, జాలరులు వద్దన్న చోట అడుగుపెట్టరాదు. జాలరి వద్దన్నాడంటే దానిలో తరతరాల అనుభవం ఉన్నది.

నాగాయలంక వైపు వెళితే మడ అడవులు చూడవచ్చును. ఉప్పునీటిలో పెరిగే ఈ చెట్ల ఊపిరివేళ్ళు బురదలో నుంచి పైకి పొడుచుకొని వస్తాయి. అలల ఉరవడిని ఇవి కొంతవరకు ఆపగలవు కనుక ఉప్పెన చూచినవారు వీటి విలువ ఎరుగుదురు. తిల్ల అనే చెట్టు కొమ్మ మాత్రం విరువకండి. దాని పాలు కంటిలో పడితే ప్రమాదం. ఏటిమొగ నుంచి ఎదురుమొండి దీవికి దశాబ్దాలుగా పంటు, నాటుపడవలే దారి. పంటు మీద మోటారుసైకిళ్ళు, గడ్డిమోపులు, బడిపిల్లలు, పెండ్లివారు అందరూ ఒక్కచోట నిలబడతారు. యాత్రికునికి వేడుకగా తోచే ఈ ప్రయాణం, రాత్రివేళ పురిటినొప్పులు వచ్చిన దీవివాసురాలికి వేడుక కాదు. వంతెన కోసం వారి నిరీక్షణ నిన్నటిది కాదు. కనుక పంటు మీద ఛాయాచిత్రాలు తీసుకొనే ముందు, ప్రక్కన ఉన్నవారిని రెండు మాటలు పలకరించండి.

పులిగడ్డకు తిరిగివచ్చి పెనుమూడి వంతెన మీదుగా కృష్ణను దాటితే రేపల్లె. ఈ వంతెన 2000ల దశకంలో అందుబాటులోకి రాకముందు ఇక్కడ కూడా పడవ ప్రయాణమే. రేపల్లె నుంచి తెనాలికి, తెనాలి నుంచి బాపట్లకు సామాన్యుల రైళ్ళు ఉన్నాయి. బాపట్ల దాపున ఉన్న సూర్యలంక తీరం పరిశుభ్రమైన ఇసుకతో అందంగానే ఉంటుంది. కాని జనం ఎక్కువ. లాగుడు కూడా ఎక్కువ. ఒక ఉదయం చాలును. చీరాల దాటి వేటపాలెంలో దిగితే 1918లో స్థాపితమైన సారస్వతనికేతన గ్రంథాలయం ఉన్నది. తీరయాత్రలో ఎండవేళ గడపడానికి ఇంతకంటె చల్లని చోటు నాకు తెలియదు. పాత పత్రికలు అడిగి తీయించుకొని చదవండి.

చివరి మజిలీ మోటుపల్లి. చినగంజాం ప్రాంతంలో సముద్రానికి చేరువగా ఉన్న చిన్న ఊరు. వెనిస్‌లో జన్మించిన మార్కోపోలో 13వ శతాబ్ది చివర ‘ముత్ఫిలి’ రాజ్యాన్ని గురించి వ్రాస్తూ, దానిని ఒక రాణి ధర్మం తప్పక పాలిస్తున్నదనీ, ఇక్కడి సన్నని వస్త్రాలకు సాటిలేదనీ ప్రశంసించాడు. ఆ రాణి కాకతి రుద్రమదేవి. ముత్ఫిలి ఈ మోటుపల్లియే. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి వంటి వర్తకులు ద్వీపాంతరాల నుంచి కర్పూరాది సుగంధద్రవ్యాలను తెప్పించిన కాలం ఆ తరువాతిది. రెడ్డిరాజుల కాలంలో కూడా ఈ రేవుకు ప్రాభవం తగ్గలేదు.

ఇక్కడి వీరభద్రాలయంలో రుద్రమ తండ్రియైన గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉన్నది. అంతకుముందు ఒక ఆచారం ఉండేది. దూరదేశాలకు పోయే ఓడ తుపానుకు దారితప్పి ఈ తీరానికి కొట్టుకొనివస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ రాజుగారు స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలతో బయటపడిన నావికుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దుచేశాడు. ప్రాణం కంటె మిన్నగా భావించే ధనం కోసం సముద్రానికి తెగించి వచ్చినవారి మీద దయతలచి, ముప్పదింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకొనబోనని ప్రకటించాడు. రాజశాసనాలలో దానాలు, విజయాలు అనేకం చదువుతాము. దిక్కులేని పరదేశికి అభయమిచ్చిన ఇటువంటి శాసనం అరుదు. స్తంభం మీది అక్షరాలను చేతితో రుద్దకండి, సుద్దముక్కతో దిద్దకండి. ప్రక్కవెలుతురులో నిలబడి చూస్తే కొన్ని వాటంతట అవే కనిపిస్తాయి.

ఆలయం చూచుకొని సముద్రం ఒడ్డున కొంతసేపు కూర్చుని, ప్రొద్దు వాలకముందే చినగంజాం స్టేషనుకు బయలుదేరండి. విజయవాడ వైపు పోయే ప్యాసింజరు రైళ్ళు ఎక్కువ లేవు. వేళలు ముందుగానే కనుక్కొని ఉంచుకోవడం మంచిది. విజయవాడ చేరితే ఉయ్యూరు మీదుగా పోయే బందరు బస్సు దొరకడం కష్టం కాదు.